తెలుగు సినిమాలో చాటుచూపు, స్త్రీని వస్తువుగా చూపడం

తాను కనబడకుండా, ఎదుటివారి సమ్మతి లేకుండా వారిని చూచి సుఖపడటాన్ని చాటుచూపు అంటారు. వాయరిజం అన్న ఆంగ్లపదం కూడా వాడుకలో ఉంది. ఒక మనిషిని ఆలోచన, ఇష్టాయిష్టాలు గల వ్యక్తిగా గాక, ఇతరుల భోగానికి ఉద్దేశించిన సరుకుగా చూపడం దీనికి దగ్గరి విషయం. సినిమాలో ఈ రెండూ తరచుగా కలసి కనిపిస్తాయి. ప్రేక్షకుడు చీకటి హాలులో కూర్చుని వెలుగులో ఉన్న నటిని చూస్తాడు. ఆమె అతనిని తిరిగి చూడలేదు. కనుక చాటుచూపు కొంతవరకు సినిమా స్వభావంలోనే ఉన్నదని చెప్పవచ్చు. ఆ చూపును దర్శకుడు ఎవరి పక్షాన నిలుపుతాడు, తెరమీది స్త్రీకి ఆ చూపులో పాలు ఉన్నదా లేదా అన్నదే వివాదాంశం.

తెలుగు సినిమాలో ఈ అంశాన్ని పరిశీలించటానికి పూర్వపు గుంటూరు జిల్లాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం అనువైనది. స్త్రీ వేషధారణలో సాటిలేని రంగస్థల నటుడు, తొలితరం అందాల తార, కీచకుడి కథను తెరకు రాసిన రచయిత, శృంగార నృత్యాల నటికి గౌరవనీయమైన పాత్రనిచ్చిన దర్శకుడు, సినీరంగంలో స్త్రీల స్థితిగతులపై విచారణ జరిపిన సంఘంలోని నటి - వీరందరూ ఈ మూడు ఊళ్ళ పరిసరాలకు చెందినవారే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్ళగా తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది.

సిద్ధాంతం

చూచుట వలన కలిగే సుఖం గురించి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ముందే చర్చించాడు. దానిని సినిమాకు అన్వయించి బ్రిటిష్ విమర్శకురాలు లారా మల్వీ 1975లో 'స్క్రీన్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. ఆమె ప్రకారం సినిమాలో మూడు చూపులు ఉన్నాయి. కెమెరా చూచేది ఒకటి, ప్రేక్షకుడు చూచేది ఒకటి, కథలోని పాత్రలు ఒకరినొకరు చూచుకునేది మరొకటి. ప్రధాన స్రవంతి సినిమాలో మొదటి రెండు చూపులను దాచిపెట్టి, అంతా కథలోని పురుషుని చూపే అన్న భ్రమ కల్పిస్తారు. అందువలన పురుషుడు చూచేవాడు, స్త్రీ చూడబడేది అన్న విభజన సహజమైనదిగా తోస్తుంది. హాలీవుడ్‌లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన 'రియర్ విండో' (1954) ఈ చర్చలో తప్పక ప్రస్తావనకు వస్తుంది. అందులో కాలు విరిగిన ఫోటోగ్రాఫరు కిటికీలోనుండి ఎదుటి ఇళ్ళవారిని చూస్తూ కాలం గడుపుతాడు.

మల్వీ వాదంపై విమర్శలు లేకపోలేదు. ప్రేక్షకులలో స్త్రీలు కూడా ఉన్నారనీ, వారు తెరను వేరే విధంగా చూస్తారనీ పలువురు అన్నారు. మల్వీయే తరువాత తన వాదాన్ని కొంత సవరించుకున్నది. నల్లజాతి స్త్రీ తెరను ప్రతిఘటనతో చూస్తుందని అమెరికన్ రచయిత్రి బెల్ హుక్స్ 1992లో రాసింది. తెలుగునాట నేల, బెంచీ, కుర్చీ అని టిక్కెట్ల తరగతులు, ఆడవారికి ప్రత్యేకమైన చోటు ఉన్న పాత హాళ్ళను తలచుకుంటే, ప్రేక్షకుడు అంటే ఒకే రకం మనిషి కాడని తేలికగానే బోధపడుతుంది.

రంగస్థలంపై ఆడవేషం

తెలుగు రంగస్థలంపై చాలాకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు. వీరిలో అగ్రగణ్యుడు స్థానం నరసింహారావు (1902 - 1971). ఈయన బాపట్లలో జన్మించాడు. 1920లో బాపట్లలో ప్రదర్శించిన హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి పాత్రధారి రాకపోవటంతో ఆ వేషం వేసి రంగప్రవేశం చేశాడు. తరువాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి సత్యభామ, రోషనార, చింతామణి, మధురవాణి వంటి పాత్రలతో పేరు పొందాడు. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

స్థానం పాత్రలలో పలువురు వేశ్యలు, విలాసినులు ఉన్నారు. ప్రేక్షకులు వారి సొగసును, నడకను, చీరకట్టును చూడటానికే వచ్చేవారు. కానీ తాము చూస్తున్నది పురుషుని నటన అన్న ఎరుక వారికి సదా ఉండేది. ఆ చూపు ఎంత శృంగారభరితమైనదైనా చివరకు అభినయాన్ని మెచ్చుకోవటం దగ్గర ఆగేది. దానివలన నష్టపోయే స్త్రీ రంగస్థలంపై లేదు. ఇది ఆడవేషాల పద్ధతికి పొగడ్త కాదు. స్త్రీ అంటే ఎట్లా ఉండాలో పురుషుడే నిర్ణయించి, పురుషుడే నటించి, పురుషులే మెచ్చుకున్న ఏర్పాటు అది. కుటుంబ స్త్రీ వేదిక ఎక్కరాదన్న కట్టుబాటు దానికి మూలం. నాటకాలలోను, తరువాత తొలినాటి సినిమాలలోను కనిపించిన స్త్రీలలో చాలామంది కళావంతుల కుటుంబాలనుండి వచ్చినవారు కావటానికి కారణం కూడా ఇదే.

ముత్తరాజు సుబ్బారావు రచించిన 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామగా స్థానం ప్రఖ్యాతి పొందాడు. ఆయన పాడి ప్రసిద్ధం చేసిన సత్యభామ పాటను 1966లో వచ్చిన అదే పేరుగల చిత్రంలో జమునపై చిత్రీకరించారు, పి.సుశీల పాడింది. జమున బాల్యం తెనాలి సమీపంలోని దుగ్గిరాలలో గడిచింది. ఆ సత్యభామ చూడబడే అందగత్తె మాత్రమే కాదు. తన అందం విలువ తెలిసి, దానితో భర్తను ఏలుతున్నానని అతిశయపడే స్త్రీ. చూపును తన అదుపులో ఉంచుకున్న నాయికలు తెలుగు సినిమాలో అరుదు గనుక ఈ పాత్రను ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

కాంచనమాల

రంగస్థలంపై లేని ఆ స్త్రీ సినిమాతో ప్రేక్షకుల ఎదుటికి వచ్చింది. తెనాలికి చెందిన కాంచనమాల (1917 - 1981) తెలుగు సినిమాలో అందానికి ప్రతీకగా పేరుపొందిన తొలి తార. ఆమె మొదటి చిత్రం 1935లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' కావటం విశేషం. స్థానం పేరు మారుమోగిన కథలోనే ఒక చిన్న పాత్రతో ఆమె ప్రవేశించింది. 1938లో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 'గృహలక్ష్మి' వచ్చింది. ఇందులో కన్నాంబ ఇల్లాలు, కాంచనమాల ఆ ఇల్లాలి భర్తను వశపరచుకునే మాధురి. కంటికి ఇంపైన స్త్రీ సంసారానికి చేటు, సంసారానికి మేలైన స్త్రీ కంట నీరు పెట్టేది అన్న ఈ జంట నమూనా తరువాత కొన్ని దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో నిలిచిపోయింది. ప్రేక్షకుడు మాధురిని కన్నులారా చూచి, చివరకు ఇల్లాలి పక్షాన నిలిచి, నీతిమంతుడిగా ఇంటికి పోవచ్చు.

అదే ఏడాది విడుదలైన 'మాలపిల్ల' భిన్నమైనది. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు, కథ గుడిపాటి వెంకటచలం, మాటలు తాపీ ధర్మారావు. పూజారి సుందరరామశాస్త్రి కుమారుడు నాగరాజు, హరిజనవాడకు చెందిన శంపాలత ప్రేమించుకుని కలకత్తా వెళతారు. శంపాలతగా కాంచనమాల, శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. ఈయన తెనాలిలో వైద్యుడు. అస్పృశ్యతపై పెద్ద సంచలనం కలిగించిన ఈ చిత్రంలో నాయిక పల్లెపడుచుగా మొదలై, చదువుకుని, కలకత్తాలో ఆధునిక వేషంలో కనిపిస్తుంది. ఆమె వేషధారణ ఆనాటి యువతలో ఎంతో చర్చకు వచ్చింది. సంఘ సంస్కరణ కథకు ప్రేక్షకులను హాలుకు రప్పించినవాటిలో నాయిక సౌందర్యం ఒకటని ఒప్పుకోక తప్పదు. అయినా 'గృహలక్ష్మి'లో మాదిరి ఆ అందానికి కథ శిక్ష వేయదు. చలం కథ కావటం దీనికి కారణం కావచ్చు.

బి.ఎన్.రెడ్డి 'వందేమాతరం' (1939), గూడవల్లి 'ఇల్లాలు' (1940) తరువాత ఆమె పేరు పతాక స్థాయికి చేరింది. ఆమె బొమ్మతో వచ్చిన క్యాలెండర్లు ఇళ్ళలోను దుకాణాలలోను వేలాడేవి. నటి ముఖం సినిమానుండి విడివడి, గోడకు తగిలించుకునే సరుకుగా మారటం తెలుగువారిలో దాదాపు ఆమెతోనే మొదలైందని చెప్పవచ్చు. ఆ బొమ్మలను కొన్నవారు చూచింది ఆమె చిరునవ్వును. నటన గాని, ఒప్పందాల బాధలు గాని క్యాలెండరులో కనబడవు.

1942లో జెమినీ సంస్థ నిర్మించిన 'బాలనాగమ్మ'లో కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ ఫకీరు. ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోయి తన స్థావరంలో బంధిస్తాడు. ఆమె వ్రతం నెపంతో అతనిని ఏళ్ళ తరబడి దూరం ఉంచుతుంది. జానపద కథలలో స్త్రీని దాచిపెట్టి చూచుకోవాలన్న కోరికకు ఇంతకంటే స్పష్టమైన రూపం లేదు. చిత్రం ఘనవిజయం సాధించింది. కానీ నిర్మాణకాలంలో ఒప్పందం విషయమై నిర్మాతతో వచ్చిన వివాదం వలన ఆమెకు ఇతర చిత్రాలలో అవకాశాలు మూసుకుపోయాయి. భర్త మరణం తోడై ఆమె మానసికంగా దెబ్బతిన్నది. ఆ తరువాత దాదాపు రెండు దశాబ్దాల పాటు తెరమీద కనిపించలేదు.

కీచకుని చూపు

ఆమె తిరిగి కనిపించినది 'నర్తనశాల'లో. తోటి నటి లక్ష్మీరాజ్యం ఈ చిత్ర నిర్మాత. పూర్వపు వాతావరణంలో ఆమె కోలుకోవచ్చునన్న ఆశతో ఒక చిన్న పాత్ర ఇచ్చింది. ఒకనాడు క్యాలెండర్లలో చూచినవారికి ఆమెను గుర్తుపట్టటం కష్టమయ్యేటంతటి మార్పు వచ్చింది.

1963 అక్టోబరు 11న విడుదలైన ఈ చిత్రానికి కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, సముద్రాల రాఘవాచార్య రచయిత. సముద్రాల రేపల్లె తాలూకా పెదపులివర్రులో జన్మించాడు. మహాభారతంలోని విరాటపర్వం కథకు ఆధారం. అజ్ఞాతవాసంలో సైరంధ్రిగా ఉన్న ద్రౌపదిపై (సావిత్రి) రాణి సోదరుడు కీచకుని (ఎస్.వి.రంగారావు) కన్ను పడుతుంది. ఆమె దాసి గనుక అడ్డు చెప్పే హక్కు లేదని అతని భావం. రాణి ఆమెనే పని నెపంతో అతని మందిరానికి పంపుతుంది. రాజు చూచీ చూడనట్లు ఊరుకుంటాడు. భర్తలు ఐదుగురూ మారువేషాలలో ఉన్నారు కనుక బహిరంగంగా కదలలేరు. సమ్మతి, అధికారం, చుట్టూ ఉన్నవారి మౌనం - ఈనాడు పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి మాట్లాడేవారు చెప్పే అంశాలన్నీ తిక్కన తెనిగించిన ఆ పర్వంలోనే ఉన్నాయి.

రంగారావు కీచకుడిని కళ్ళతోనే నటించాడు. ఆయనకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం లభించింది. కెమెరా ఇక్కడ సైరంధ్రి శరీరాన్ని కంటే చూచేవాడి ముఖాన్ని ఎక్కువగా చూపుతుంది. అందువలన ప్రేక్షకుడు కీచకుడితో కలిసి చూడడు, కీచకుడినే చూస్తాడు. వెగటు కలిగించేది ఆ చూపే. చివరకు నర్తనశాల చీకటిలో సైరంధ్రి ఉందనుకుని వచ్చినవాడికి భీముడు దొరుకుతాడు. ఆడవేషం మరొక రకంగానూ ఈ కథలో ఉన్నది. బృహన్నలగా ఎన్.టి.రామారావు నటించాడు. బాపట్ల, తెనాలి నాటకరంగంలో ఆడవేషాలను చూచి పెరిగిన ప్రేక్షకులకు ఇది కొత్త కాదు.

ఐతే పౌరాణిక, జానపద చిత్రాలన్నీ ఇంత జాగ్రత్త వహించలేదు. గోపికా వస్త్రాపహరణం ఘట్టం అనేకసార్లు తెరకెక్కింది. భాగవతంలో దానికి ఆధ్యాత్మికార్థం ఉన్నదని వ్యాఖ్యాతలు చెబుతారు. తెరమీద మాత్రం ఆ అర్థం నీళ్ళలో మునిగి గోపికలే మిగిలిన సందర్భాలు ఉన్నాయి. 'పాతాళభైరవి' (1951)లో తోటరాముడు రాకుమారిని చూడటానికి రహస్యంగా కోటలో ప్రవేశిస్తాడు. కీచకుడు చేస్తే పాపమైనది కథానాయకుడు చేస్తే ప్రణయం కావటం తరువాతి సాంఘిక చిత్రాలలో మరింత బలపడింది. ఈ చిత్ర నిర్మాతలలో ఒకడైన చక్రపాణి తెనాలి ఐతానగర్ వాసి. ఆయనే 'మిస్సమ్మ' (1955)లో ఉద్యోగం కోసం తన షరతులపై బయలుదేరే పట్టభద్రురాలి కథను కూడా అందించాడు.

శృంగార నృత్యాలు

1960ల చివరినుండి క్లబ్బు పాట తెలుగు చిత్రాలలో తప్పనిసరి అంశమయింది. జ్యోతిలక్ష్మి, విజయలలిత, జయమాలిని, హలం వంటి నటీమణులు ఈ పాటలతో ప్రసిద్ధులయ్యారు. 'గృహలక్ష్మి'లో కథలో భాగమైన మాధురి ఇక్కడ కథకు అక్కరలేని ఐదు నిమిషాల నృత్యంగా కుదించబడింది. 1980ల తరువాత నాయికే ఆ నృత్యాలు చేయసాగింది. కె.రాఘవేంద్రరావు పాటలలో నాయికపై పండ్లు, పూలు పడటం ఒక ప్రత్యేక శైలిగా పేరుపొంది, పరిహాసానికి కూడా గురైంది. ముఖం లేకుండా నడుమో, పాదాలో మాత్రమే చూపే సమీప దృశ్యాలు సాధారణమయ్యాయి. మనిషిని ముక్కలుగా చూపటమే వస్తువుగా మార్చటంలో మొదటి మెట్టని విమర్శకుల అభిప్రాయం.

ఏలూరు దగ్గరి కొవ్వలికి చెందిన సిల్క్ స్మిత ఉదాహరణ అందరికీ తెలిసినదే. 'సీతాకోకచిలక' (1981)లో నటనకు అవకాశమున్న పాత్రలో రాణించినా, ఆమెను పరిశ్రమ నృత్యాలకే వాడుకున్నది. 1996లో మరణించింది. ఆమె జీవితం ప్రేరణగా 2011లో వచ్చిన హిందీ చిత్రం కూడా ఆమె రూపాన్నే ప్రకటనలలో అమ్ముకున్నది.

దీనికి ఎదురు నడచినవారిలో కె.విశ్వనాథ్ (1930 - 2023) ముఖ్యుడు. ఈయన కూడా పెదపులివర్రులోనే జన్మించాడు. 'శంకరాభరణం' (1980)లో తులసి పాత్రకు, అంతవరకు ఎక్కువగా శృంగార నృత్యాలలో కనిపించిన మంజుభార్గవిని ఎన్నుకున్నాడు. తులసిని తల్లి ఒక జమీందారుకు అప్పగించజూస్తుంది. అతడు ఆమెను బలాత్కరించి, ఆమె గురువుగా భావించే శంకరశాస్త్రి చిత్రపటాన్ని అవమానించగా ఆమె అతనిని చంపుతుంది. చిత్రంలో ఎక్కువ భాగం చూచేది తులసి, చూడబడేది శాస్త్రి. ఆమె దూరంనుండి అతని సాధనను చూస్తూ తన్మయురాలై నాట్యం చేస్తుంది. స్త్రీ చూపులో భక్తి మాత్రమే ఉండవచ్చునా, కోరిక ఉండరాదా అన్న ప్రశ్న వేయవచ్చు. విశ్వనాథ్ చిత్రాలపై ఈ విమర్శ న్యాయమైనదే. అయినా అదే నటిని అదే ప్రేక్షకులు వేరే కళ్ళతో చూచారన్నది వాస్తవం.

టి.కృష్ణ తీసిన 'ప్రతిఘటన' (1985)లో అధ్యాపకురాలైన నాయికను (విజయశాంతి) ఒక రౌడీ నడివీధిలో వివస్త్రను చేస్తాడు. తరువాత ఆమె విద్యార్థులే నల్లబల్లపై ఆమె బొమ్మను అసభ్యంగా గీస్తారు. దానిని చూచి ఆమె వారిని నిలదీస్తూ పాడే వేటూరి పాటకు తెలుగు సినిమాలో ప్రత్యేక స్థానం ఉన్నది. వీధిలోని నేరాన్ని ఖండించిన ప్రేక్షకుడే ఆ తరగతి గదిలో కూర్చున్నాడని ఆ దృశ్యం గుర్తు చేస్తుంది.

స్త్రీలు దర్శకత్వం వహించిన చిత్రాలు తక్కువ. పి.భానుమతి 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం వహించింది. విజయనిర్మల 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా 'మీనా' తీసి, మొత్తం 44 చిత్రాలతో 2002లో గిన్నిస్ పుస్తకంలో చోటు పొందింది. ఆమె భర్త, నటుడు కృష్ణ తెనాలి సమీపంలోని బుర్రిపాలెం వాడు.

చట్టాలు

సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 ప్రకారం చిత్రాలను ధ్రువీకరిస్తారు. 1991 మార్గదర్శక సూత్రాలలో స్త్రీలను కించపరచే దృశ్యాలు ఉండరాదని స్పష్టంగా ఉన్నది. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం 1986లో వచ్చింది. ఇది ముఖ్యంగా ప్రకటనలు, ప్రచురణలకు సంబంధించినది. 'బాండిట్ క్వీన్' కేసులో సుప్రీంకోర్టు 1996లో, నగ్నత్వం ఉన్నంత మాత్రాన దృశ్యం అశ్లీలం కాదని, ఆ దృశ్యం ప్రేక్షకునిలో కామాన్ని గాక బాధితురాలిపై సానుభూతిని, నేరస్థులపై ఏవగింపును కలిగిస్తుందని తీర్పు చెప్పింది. ఎంత చూపారన్నదానికంటే ఎట్లా చూపారన్నది ముఖ్యమని దీని సారాంశం.

ఢిల్లీ నిర్భయ ఘటన అనంతరం 2013లో భారత శిక్షాస్మృతిలో 354-సి సెక్షను చేర్చి చాటుచూపును నేరం చేశారు. స్త్రీ ఏకాంతంలో ఉండగా చూచినా, చిత్రీకరించినా, ఆ చిత్రాన్ని పంచినా మొదటిసారి 1 నుండి 3 ఏళ్ళ వరకు, మళ్ళీ చేస్తే 3 నుండి 7 ఏళ్ళ వరకు జైలుశిక్ష ఉంటుంది. చిత్రం తీయటానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంచటానికి ఒప్పుకోకపోతే పంచటం నేరమే. వద్దన్నా వెంటపడటాన్ని 354-డి కింద నేరంగా పరిగణించారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 77, 78 సెక్షన్లు. కళాశాల ప్రేమకథలలో కథానాయకుడు ఆడపిల్ల వెంట బస్సుస్టాపు వరకు, ఇంటి వరకు తిరిగే పాటలలో అనేకం ఈ 78వ సెక్షను నిర్వచనానికి సరిపోతాయి. 2017లో 'అర్జున్ రెడ్డి' విడుదలైనప్పుడు సమ్మతి గురించి తెలుగులో విస్తృతంగా చర్చ జరిగింది.

శారద, హేమ సంఘం

తెనాలిలో 1945లో జన్మించిన శారద అసలు పేరు సరస్వతీదేవి. మలయాళ చిత్రాలు 'తులాభారం' (1968), 'స్వయంవరం' (1972), తెలుగు చిత్రం 'నిమజ్జనం' లకు గాను ఆమె జాతీయ ఉత్తమనటిగా మూడుసార్లు ఎంపికయింది. ఆమెను పరిశ్రమ అందాల బొమ్మగా గాక దుఃఖమూర్తిగా చూపింది. స్త్రీ కన్నీరు కూడా చూచి ఆనందించే దృశ్యమే కాదా అన్నది వేరే చర్చ. 1996లో ఆమె తెనాలి నియోజకవర్గంనుండి తెలుగుదేశం పార్టీ తరఫున లోక్‌సభకు ఎన్నికయింది.

2017లో ఒక మలయాళ నటిపై జరిగిన దాడి తరువాత, చిత్ర పరిశ్రమలో స్త్రీల పని పరిస్థితులను పరిశీలించటానికి కేరళ ప్రభుత్వం జస్టిస్ కె.హేమ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించింది. విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారిణి కె.బి.వత్సలకుమారి, నటి శారద మిగిలిన ఇద్దరు. 2019 డిసెంబరులో సమర్పించిన నివేదికను దాదాపు ఐదేళ్ళు బయటపెట్టలేదు. 2024 ఆగస్టు 19న కొన్ని భాగాలు తొలగించి విడుదల చేశారు. అవకాశాల పేరిట లైంగిక డిమాండ్లు, చిత్రీకరణ స్థలాలలో మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదులు లేకపోవటం వంటివి అందులో నమోదయ్యాయి. దుస్తులు మార్చుకోవటానికి తలుపు వేసుకునే గది లేనిచోట చాటుచూపు అన్నది సిద్ధాంతం కాదు, నిత్యానుభవం. తెరమీది చూపు గురించి రాసేవారు ఈ వైపు చాలా తక్కువగా రాశారు.

తెలుగు చిత్ర పరిశ్రమకు సంబంధించి తెలంగాణ ప్రభుత్వం 2019లో ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించింది. హేమ నివేదిక వెలువడిన తరువాత, తెలుగు పరిశ్రమపై తయారైన ఉపసంఘం నివేదికను కూడా ప్రచురించాలని నటి సమంత 2024 ఆగస్టులో ప్రభుత్వాన్ని బహిరంగంగా కోరింది.